పెద్దలు లేని వేళల లెక్క

పెద్దవాళ్లెవరూ దగ్గర లేకుండా, ఫలానా పని అంటూ పెట్టుకోకుండా, కుర్రకారు తమ ఈడువాళ్లతో గడిపే సమయాన్ని నేరశాస్త్రం, కౌమార మనస్తత్వశాస్త్రం చాలాకాలంగా కొలుస్తున్నాయి. ఇందులో మూడు షరతులున్నాయి. తోటివాళ్లు ఉండాలి, పెద్దలు ఉండకూడదు, ముందే నిర్ణయించుకున్న కార్యక్రమం ఉండకూడదు. కోచ్ ముందు చేసే ఫుట్‌బాల్ సాధన ఈ లెక్కలోకి రాదు. సాధన అయ్యాక మైదానం గోడెక్కి చెప్పుకునే కబుర్లు వస్తాయి. ఈ మూడు షరతులూ ఒకే భావనగా కుదురుకున్నది 1996లో. అయితే దాని మూలాలు అంతకు డెబ్బై ఏళ్ల వెనక ఉన్నాయి.

1927లో ఫ్రెడరిక్ థ్రాషర్ షికాగోలోని 1,313 కుర్రాళ్ల ముఠాల మీద పుస్తకం రాశాడు. వీధి మూలల్లో ఊసుపోక గుమిగూడిన పిల్లలే క్రమంగా ముఠాగా మారడాన్ని చూశాడు, రాశాడు. గంటలు మాత్రం లెక్కపెట్టలేదు. 1950లో షెల్డన్, ఎలినార్ గ్లూక్ దంపతులు బోస్టన్ ప్రాంతంలో 500 మంది నేరచరిత్ర ఉన్న బాలురను, అది లేని మరో 500 మందిని పోల్చారు. తల్లి అజమాయిషీ తగినట్టు ఉందా, అంతంతమాత్రమా, తగనట్టు ఉందా అని ప్రతి ఇంటికీ ఒక అంచనా కట్టారు. పిల్లవాడు బయట గడిపిన సమయం కంటే ఇంట్లో పెంపకమే ఇందులో ఎక్కువగా కొలతకు వచ్చింది.

పిల్లలనే నేరుగా అడిగే పద్ధతికి ట్రావిస్ హర్షీ పరిశోధన బలమిచ్చింది. 1960ల మధ్యలో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో సేకరించిన సమాచారంతో ఆయన 1969లో పుస్తకం వెలువరించాడు. నువ్వెక్కడున్నావో, ఎవరితో ఉన్నావో మీ అమ్మకు తెలుసా అన్నది అందులో కీలకమైన ప్రశ్న. పనిలో మునిగిన పిల్లవాడికి తప్పు చేసే తీరిక ఉండదన్న వాదనను కూడా ఆయన పరీక్షించాడు. అది ఆశించినంతగా నిలబడలేదు. తీరిక ఎంత అన్నదానికన్నా ఆ తీరిక ఎవరి మధ్య, ఎలా గడిచింది అన్నదే అసలు విషయమని తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఈలోగా, 1976లో మొదలైన అమెరికా జాతీయ యువజన సర్వే 11 నుంచి 17 ఏళ్ల వయసున్న 1,725 మందిని, వారంలో ఎన్ని మధ్యాహ్నాలు, ఎన్ని సాయంత్రాలు స్నేహితులతో గడిపారని అడిగి, మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లింది. అక్కడ పెద్దలున్నారా లేదా అన్నది ఆ లెక్కలో తెలియదు.

1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ నేరం జరగడానికి మూడు కలిసిరావాలని ప్రతిపాదించారు: చేయాలనుకునే మనిషి, అందుబాటులో లక్ష్యం, కాపలా లేకపోవడం. వేన్ ఆస్‌గుడ్, ఆయన సహచరులు 1996 వ్యాసంలో దీన్ని కుర్రవాళ్ల దైనందిన జీవితానికి అన్వయించారు. ప్రత్యేకంగా నేరబుద్ధి ఉండనక్కరలేదని, సందర్భమే ప్రేరేపిస్తుందని వాళ్ల వాదం. మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి నడుపుతున్న ‘మానిటరింగ్ ద ఫ్యూచర్’ సర్వేలో 18 నుంచి 26 ఏళ్ల మధ్య ఐదు విడతలుగా సేకరించిన జవాబులు వాళ్లకు ఆధారమయ్యాయి. సరదాకు కారులో తిరగడం, స్నేహితులను ఊరికే కలవడం, పార్టీలు, సాయంత్రపు షికార్లు: ఈ నాలుగింటినీ కలిపి కొలతగా తీసుకున్నారు. ఒకరిని మరొకరితో పోల్చడం కాక, అదే మనిషిని అతని నిన్నటి జీవితంతోనే పోల్చారు. ఇలాంటి తిరుగుళ్లు పెరిగిన కాలంలో అతిగా తాగడం, మాదకద్రవ్యాలు, ప్రమాదకరంగా బండి నడపడం, నేరాలు కూడా పెరిగినట్టు కనిపించింది. దీర్ఘకాలిక అధ్యయనం లేకపోతే ఈ పోలిక సాధ్యమే కాదు. కానీ ఆ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటైనా పెద్దల ఊసెత్తదు. అక్కడ పెద్దలు ఉండరన్నది పరిశోధకుల ఊహ.

తల్లిదండ్రులను అడిగి ఆ లోటు తీర్చుకోవచ్చన్న ఆశను 2000లో స్వీడన్ పరిశోధన తగ్గించింది. పిల్లల తిరుగుళ్ల గురించి తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం వాళ్ల నిఘా వల్ల కాక, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే తెలుస్తోందని హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ చూపించారు. ‘అజమాయిషీ’ పేరుతో అప్పటిదాకా కొలిచినది చాలావరకు ఇంట్లో పిల్లలకున్న చనువేనన్నమాట. ఈ రంగంలో ఇంతగా కళ్లు తెరిపించిన ఫలితాలు తక్కువ.

అన్నిటికన్నా నిశితమైన కొలత ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో రూపుదిద్దుకుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడు పెర్-ఒలోఫ్ విక్‌స్ట్రోమ్ బృందం అక్కడ సుమారు 700 మందిని కౌమార ప్రారంభం నుంచి ఏళ్ల తరబడి అనుసరించింది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఈమధ్య గడిచిన నాలుగు రోజులను గంట గంటకూ గుర్తుచేయించింది. ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరు, ఏం చేస్తున్నారు అని అడిగి, ఆ చోటును పటంలో చిన్న ప్రాంతం వరకు గుర్తించింది. ఎక్కువసార్లా, తక్కువసార్లా అని అంచనాగా చెప్పించుకునే ప్రశ్నకు బదులు, పెద్దలు లేని గంటలు విడివిడిగా చేతికొచ్చాయి. ఖర్చు, శ్రమ మాత్రం చాలా ఎక్కువ. ఇదే పద్ధతిని నెదర్లాండ్స్‌లో వాడిన ఫ్రాంక్ వీర్మన్ బృందం స్నేహితులతో గడపడం దానంతటదే ప్రమాదం కాదని గమనించింది. పెద్దలు లేకపోవడం, పని లేకపోవడం, బహిరంగ స్థలం ఈ మూడూ కలిసినప్పుడే చిల్లర నేరాలతో సంబంధం గట్టిగా కనిపించింది.

తెలుగు నేలకు వస్తే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం సుమారు 3,000 మంది పిల్లలను అనుసరిస్తూ, నిద్ర, బడి, ఇంటిపని, కూలిపని, ఆటలకు రోజులో ఎన్ని గంటలు పోతున్నాయో నమోదు చేసింది. పేదరికంలో బాల్యం ఎలా సాగుతుందన్నది దాని లక్ష్యం కనుక, పెద్దలున్నవీ లేనివీ అని విడదీయకుండా ఆటపాటల గంటలు ఒకే పద్దులో చేరాయి.

2010 తర్వాత అమెరికాలో కౌమారులు స్నేహితులతో ముఖాముఖి కలిసే సమయం బాగా తగ్గినట్టు మిషిగన్ సర్వే చూపుతోంది. అంతకు ముందు నుంచే తగ్గుముఖం పట్టిన బాలనేరాలతో ఈ మార్పును కొందరు పరిశోధకులు ముడిపెడుతున్నారు. కబుర్లు ఫోనులోకి చేరాక, గదిలో ఒంటరిగా కనిపించే పిల్లవాడు పదిమంది స్నేహితుల మధ్యే ఉండవచ్చు, పక్క గదిలో తల్లీ ఉండవచ్చు. 1975 నాటి ప్రశ్నల్లో దీనికి చోటు లేదు. ఆ ప్రశ్నలను మారిస్తే తరాల మధ్య పోలిక తెగిపోతుంది. అందుకే పాతవాటిని ముట్టుకోకుండా, వాటి పక్కన కొత్త ప్రశ్నలు చేరుస్తున్నారు.