కూలి కాదు, ధర

వ్యాపారంలో రాణించాలంటే స్త్రీలు ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణలకు ఇప్పుడు కొదవ లేదు. తడబడకూడదు, కళ్ళల్లోకి చూడాలి, చెప్పిన ధర మీద నిలబడాలి. ఈ పాఠాలన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది: లోపం స్త్రీ నోట్లోనే ఉందని. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున తరాలుగా బేరమాడుతున్న కోయ, కొండరెడ్డి స్త్రీల చరిత్ర ముందు ఆ నమ్మకం నిలవదు.

చర్ల, వెంకటాపురం, కూనవరం, చింతూరు సంతలకు ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు, తపసి జిగురు, అడ్డాకులు తలకెత్తుకుని వచ్చింది ప్రధానంగా స్త్రీలే. కోయ స్త్రీకి ఇంట్లో కోయమాట, సంతలో తెలుగు. రెండు భాషల్లో బతుకు నడిపే మనిషిని మాట చాతకానిదని ఎలా అనగలం? అయినా ఆమె నష్టపోయింది. పంట రాకముందే ఉప్పూ గింజలూ గుడ్డా అప్పుగా ఇచ్చిన సావుకారే సరుకు కొనేవాడు. కొనేటప్పుడు కుంచం మీద పోగు నిలబెట్టి, అమ్మేటప్పుడు తలగొట్టి కొలిచేవాడు. ఆమె నోరు తెరిచేసరికే బేరం ముగిసిపోయి ఉండేది. గోదావరి ఒడ్డు కొండరెడ్లను వ్యాపారుల అప్పు ఎలా కట్టిపడేసిందో హైమెన్‌డార్ఫ్ 1945లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు.

సావుకారు పట్టు తప్పించడానికి ప్రభుత్వం 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులను కొనే గుత్తహక్కును 1979 రెగ్యులేషన్ ఆ సంస్థకే ఇచ్చింది. దొంగ కొలతల నుంచి ఇది కొంత రక్షణే. కానీ కొనేవాడు ఒక్కడే అయినప్పుడు బేరానికి చోటెక్కడ? చట్టం ఆమెను మోసపోయే మనిషిగా గుర్తించింది, వ్యాపారిగా కాదు. కుంచం పోయి కాటా వచ్చింది. అది ఆమె చేతికి మాత్రం రాలేదు.

తునికాకు కథలో ఇది మరింత స్పష్టంగా కనబడుతుంది. 1971 చట్టంతో ఆ ఆకు వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోకి వెళ్ళింది. మండుటెండల్లో ఆకు కోసి, 50 ఆకుల కట్టలు కట్టి, కల్లంలో కల్లేదారుకు అప్పజెప్పే స్త్రీకి దక్కే డబ్బుకు కాగితాల మీద పేరు ‘సేకరణ కూలి’. 1980లలో విప్లవ సంఘాలు నడిపిన పోరాటాల వల్ల కట్ట రేటు పెరిగింది. పెరిగింది కూలిరేటే. అమ్మకంలో మిగిలిన లాభంలో వాటా ఇచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు ‘బోనస్’. బోనస్ అనేది యజమాని పనివాళ్ళకిచ్చేది. అమ్మిన మనిషికి రావలసింది ధర. ఒక్క మాట తేడాలో ఆమె అమ్మకందారు నుంచి కూలిమనిషిగా మారిపోయింది. వ్యాపారంలో భాష గురించి మాట్లాడాలంటే ముందు మాట్లాడుకోవలసింది ఈ లెక్కల పుస్తకం భాష గురించి.

1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యం గ్రామసభలకు, పంచాయతీలకు దక్కాలంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురునూ తునికాకునూ కూడా ఆ జాబితాలో పేరుపెట్టి చేర్చి, వాటిని సేకరించే అడవి బిడ్డలకే యాజమాన్య హక్కు ఇచ్చింది. అంటే చట్టం దృష్టిలో ఆమె ఇప్పుడు సరుకు యజమాని. వాడుకలో మాత్రం ‘సేకరణదారు’గానే మిగిలింది. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. పట్టణాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఊళ్ళ స్త్రీ ఇవాళ భద్రాచలం బజారుకు రావాలంటే రాష్ట్రం దాటాలి. సహకార సంస్థలు కూడా రెండయ్యాయి. ఈ విభజనలో ఆమె సంత దారిని ఎవరు లెక్కలోకి తీసుకున్నారు?

2025 జూన్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో భద్రాచలం స్త్రీలను మెచ్చుకున్నారు. స్వయం సహాయక సంఘంగా ఏర్పడి వాళ్ళు చిరుధాన్యాలతో చేస్తున్న ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్లు లండన్ దాకా వెళ్తున్నాయి. ‘గిరి’ శానిటరీ ప్యాడ్లు మూడు నెలల్లో 40,000 తయారుచేశారు. ఇది సంతోషించవలసిన విషయమే. గింజగా అమ్ముడుపోయే సరుకు పేరున్న పొట్లమై ఊరు దాటుతోంది. అయితే వాళ్ళు ఒకప్పుడు పొలాల్లో కూలి చేసేవాళ్ళన్న పరిచయంతోనే ఆ కథ మొదలైంది. అలా మొదలైతే అడవి స్త్రీ వ్యాపార చరిత్ర శిక్షణ తరగతి దగ్గరే పుట్టినట్టవుతుంది. కుంచాలతో, అప్పులతో, రెండు భాషలతో ఆమె నడిపిన సంత అంతా చెరిగిపోతుంది.

చరిత్ర ఎక్కడ మొదలుపెడతామన్నది చిన్న విషయం కాదు. ఆమెను కొత్తగా నేర్చుకుంటున్న మనిషి అనుకుంటే మరొక శిక్షణ ఇచ్చి పంపేస్తాం. పాత వ్యాపారి అని ఒప్పుకుంటే కాటా, లెక్కల పుస్తకం, ధర నిర్ణయించే కమిటీలో కుర్చీ ఇవ్వాల్సి వస్తుంది. మాట్లాడటం ఆమెకు ఎప్పుడో వచ్చు. ఆమె చెప్పిన ధరను లెక్కలో ధరగానే రాసుకోవడం మనమే నేర్చుకోవాలి.