సన్‌షైన్: పేరు మిగిలింది, కౌన్సిల్ పోయింది

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో సన్‌షైన్ అనే ఊరుంది. మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుంటున్న టార్నీట్‌కు వెళ్లే రైలు ఇక్కడ ఆగుతుంది. ఎక్కి దిగేవాళ్లలో ఎందరికి దీని కథ తెలుసో!

మొదట దీని పేరు బ్రేబ్రూక్ జంక్షన్. హ్యూ విక్టర్ మెకే అనే ఆసామి బల్లారట్ నుంచి తన ఫ్యాక్టరీని ఇక్కడికి తరలించాడు. గోధుమ కంకులు కోసి, నూర్చి, తూర్పారబట్టే పనులన్నీ పొలంలోనే చేసే ‘సన్‌షైన్ హార్వెస్టర్’ ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 1907లో ఆ యంత్రం పేరే ఊరికి పెట్టారు.

అదే ఏడు దేశాన్ని మార్చిన తీర్పు వచ్చింది. కూలీలకు న్యాయమైన జీతమిస్తే యంత్రాలపై ఎక్సైజ్ సుంకం ఉండదని అప్పటి చట్టం. తాను ఇస్తున్నది న్యాయమైన జీతమేనన్నాడు మెకే. కేసు విన్న జడ్జి జస్టిస్ హిగ్గిన్స్ ఒప్పుకోలేదు. యజమాని ఎంత ఇవ్వగలడన్నది కాదు, భార్యా ముగ్గురు పిల్లలున్న మనిషి మర్యాదగా బతకడానికి ఎంత కావాలన్నది చూశాడు. అద్దె, తిండి, బట్టలు, వంటచెరకు లెక్కగట్టి నైపుణ్యం లేని కూలీకైనా రోజుకు 7 షిల్లింగులు, వారానికి 42 ఉండాలన్నాడు. మరుసటి ఏడే హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అయినా కొలమానం నిలిచింది, దశాబ్దాల పాటు జీతాలకు అదే ప్రాతిపదిక. ఆడవాళ్లకు మాత్రం 1919లో మగవాళ్ల మూలవేతనంలో 54 శాతమే కట్టారు. దాన్ని నేను క్షమించలేను.

ఊరి పాలన 1871 నుంచి బ్రేబ్రూక్ షైర్ అనే స్థానిక కౌన్సిల్‌ది. 1951లో అదే సన్‌షైన్ నగర కౌన్సిల్ అయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాల్టా, ఇటలీ, పోలండ్‌ల నుంచి, తర్వాత వియత్నాం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. 1992లో మెకే ఫ్యాక్టరీని చాలావరకు పడగొట్టారు. 1994లో విక్టోరియా ప్రీమియర్ కెన్నెట్ ప్రభుత్వం రాష్ట్రంలోని 210 కౌన్సిళ్లను 78కి కుదించినప్పుడు సన్‌షైన్ కౌన్సిల్ కూడా పోయి, బ్రిమ్‌బ్యాంక్ కౌన్సిల్ వచ్చింది. ఎన్నికైన సభ్యుల స్థానంలో నియమిత కమిషనర్లు కూర్చున్నారు. ఖర్చు తగ్గించే పేరుతో జనాన్ని అడగకుండా చేసిన ఈ పని నా దృష్టిలో తప్పే.

ఇలాంటి విలీనం మన దగ్గరా జరిగింది: 2007లో హైదరాబాద్ చుట్టూ 12 మునిసిపాలిటీలు జీహెచ్ఎంసీలో కలిశాయి. కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఉప్పల్ వాసులారా, మీ పాత మునిసిపాలిటీల్లో పనిచేసినవాళ్లు బతికి ఉండగానే వాటి చరిత్ర రాయించండి.