దేశాధినేతల మనసు చదివే సీఐఏ.. క్యాంప్ డేవిడ్‌లో ఏం జరిగింది?

శత్రుదేశం దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయో శాటిలైట్ చెప్పేస్తుంది. మరి ఆ దేశాధినేత బుర్రలో ఏముందో? అందుకే నిఘా సంస్థలకు సైకాలజిస్టులు కావాలి. ఓటమి తప్పదంటే హిట్లర్ ఆత్మహత్య చేసుకునే అవకాశమే ఎక్కువని వాల్టర్ లాంగర్ అనే మానసిక విశ్లేషకుడు 1943లోనే అమెరికాకు రిపోర్ట్ ఇచ్చారు. 1945 ఏప్రిల్ 30న అదే జరిగింది.

1978 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఈజిప్టు, ఇజ్రాయెల్ నేతలను శాంతి చర్చలకు క్యాంప్ డేవిడ్‌కు పిలిచారు. ముందుగా ఆయన చదివింది సీఐఏ సైకియాట్రిస్ట్ జెరాల్డ్ పోస్ట్ టీమ్ తయారుచేసిన ప్రొఫైల్స్. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌కు చరిత్రలో నిలిచిపోవాలన్న తపన, చిన్న చిన్న వివరాలు పట్టవు. ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌కేమో ప్రతి పదం దగ్గరా పట్టింపే. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే రచ్చే కదా! మొదట్లో అలాగే అయింది. దాంతో కార్టర్ వాళ్లను విడివిడిగా ఉంచి, మధ్యవర్తిగా తానే తిరిగారు. 13 రోజులకు ఒప్పందం కుదిరింది.

అయితే ఇక్కడ పేషెంట్ డాక్టర్ ముందుకు రాడు. ప్రసంగాలు, జీవిత చరిత్ర, కలిసినవాళ్ల మాటలే ఆధారం. సద్దాం హుస్సేన్ పిచ్చివాడు కాదని, లెక్కలేసుకునే మనిషని, పరువు దక్కితే వెనక్కి తగ్గొచ్చని 1990 డిసెంబర్‌లో పోస్ట్ అమెరికా కాంగ్రెస్‌కు చెప్పారు. సద్దాం కువైట్ వదల్లేదు. 1991 జనవరి 17న బాగ్దాద్‌పై బాంబులు పడ్డాయి.