నేలను పైకెత్తిన నామం.. ఆదివరాహం

సెంటినరీ కాలనీ: సింగరేణి ఆర్జీ-3 ఏరియాలోని సెంటినరీ కాలనీకి సమీపాన, కమాన్‌పూర్‌లో కొలువైన ఆదివరాహస్వామిని గని కార్మికులు, పరిసర గ్రామాల రైతులు భక్తితో కొలుస్తారు. బండరాయిపై స్వామి స్వయంభువుగా వెలిశాడని వారి విశ్వాసం. నిత్యం నోట పలికే ఈ నామానికి వేదకాలం నాటి చరిత్ర ఉంది.

మేఘానికీ అదే పేరు

‘వరాహ’ శబ్దం ఋగ్వేదంలోనే కనిపిస్తుంది. నిరుక్తకర్త యాస్కుడు దానికి మొదట మేఘమనే అర్థం చెప్పి, ‘వర’, ‘ఆహార’ శబ్దాల కలయికగా వివరించాడు. మేలైన వేళ్లను పెకలించేది గనుక అడవిపందికీ ఆ పేరు వచ్చిందన్నాడు. ప్రాచీన ఇరాన్ గ్రంథమైన అవెస్తాలో అడవిపందిని ‘వరాజ’ అన్నారు. ఈ రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని భాషావేత్తలు చెబుతారు.

తొలుత ప్రజాపతి రూపం

జానెడంత ఉన్న భూమిని ‘ఏమూష’ అనే వరాహం పైకెత్తిందని శతపథ బ్రాహ్మణం చెబుతోంది. తైత్తిరీయ ఆరణ్యకంలో భూమిని ఉద్ధరించినది నూరు బాహువుల నల్లని వరాహం. వేదవాఙ్మయంలో ఇది ప్రజాపతి రూపం కాగా, పురాణాలు విష్ణుమూర్తి అవతారంగా కీర్తించాయి. హిరణ్యాక్షుని వధ ఈ గాథలోనిదే.

సృష్ట్యాదిలో భూమిని ఉద్ధరించినందున స్వామి ‘ఆది’వరాహుడయ్యాడు. తిరుమలకు ఆదివరాహ క్షేత్రమని పేరు. అక్కడ శ్రీనివాసుని కంటే ముందుగా వరాహస్వామిని దర్శించడం, తొలి నైవేద్యం ఆయనకే సమర్పించడం ఆచారం.

నాణెంపైనా ఆయనే

వరాహం చాళుక్యుల రాజలాంఛనం. వరాహ ముద్ర గల బంగారు నాణేలకే ‘వరహా’ అన్న పేరు స్థిరపడింది. పంది అన్న మాటను తిట్టుగా వాడే తెలుగునాట, దాని సంస్కృత నామం సిరికి, దైవానికి గుర్తుగా నిలిచింది.

చీల్చుట.. మోయుట

అమరకోశం వరాహానికి ఇచ్చిన పర్యాయపదాల్లో ‘భూదార’ ఒకటి. నేలను చీల్చేదని దాని అర్థం. భూమిని ధరించినవాడు గనుక స్వామికి ‘ధరణీధరుడు’ అనీ పేరు. ఓపెన్‌కాస్టుల కోసం నేలను తవ్వుతున్న ఈ ప్రాంతంలో మొదటి పేరు అందరికీ తెలిసిన పనే. చీల్చిన నేలను కాపాడే బాధ్యతను రెండో పేరు గుర్తుచేస్తోంది.