మన రోడ్డు మీదుగా నడిచిన యుద్ధం

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మనలో చాలామందికి పుట్టింటికీ అత్తింటికీ మధ్య దారి. ఎక్కడ టీ బాగుంటుందో, సూర్యాపేటలో ఏ హోటల్ దగ్గర ఆగితే పిల్లలు మారాం చేయకుండా తింటారో, ఏ టోల్‌గేటు దగ్గర ఎంతసేపు పడుతుందో మనకు కంఠతా వచ్చు. ఈ రోడ్డు మీదుగానే 1948 సెప్టెంబర్‌లో ఒక యుద్ధం నడిచిందన్న సంగతి మాత్రం మన ఇళ్ళలో పెద్దగా మాటల్లోకి రాదు. ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు కదా, పేరులో యుద్ధం లేదు. కానీ వచ్చింది పోలీసులు కాదు, సైన్యం. విమానాలు కూడా వచ్చాయి.

మొన్న దసరా సెలవుల్లో మా పిల్లలకు ఈ దారంతా చూపించాలని కోదాడ నుంచి బయల్దేరాం. అత్తమ్మను కూడా తీసుకెళ్ళాం. ఆమెది సూర్యాపేట పక్క పల్లె. ఆ సెప్టెంబర్‌లో ఆమెకు తొమ్మిదేళ్ళు.

ముందు కథ క్లుప్తంగా చెబుతాను. 1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగరేసినా మన నల్లగొండ జిల్లా నిజాం ఏలుబడిలోనే ఉండిపోయింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భారతదేశంలో కలవలేదు. ఆ నవంబర్ 29న ఏడాది పాటు యథాతథ ఒప్పందం మాత్రం చేసుకున్నారు. అప్పటికే మన ఊళ్ళలో వెట్టికీ, దొరల దౌర్జన్యానికీ ఎదురుతిరిగి ఆంధ్ర మహాసభ పోరాటం సాగుతోంది. పల్లెల్లో దాన్ని ‘సంఘం’ అనేవారు. నాయకత్వం కమ్యూనిస్టులది. ఇటు కాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడి ఇళ్ళు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం నిజాం రాజ్యంలోకి అడుగుపెట్టింది. పెద్ద దళం షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. ఇంకో దళం బెజవాడ నుంచి మన రోడ్డు పట్టుకుంది.

కోదాడ నిజాంది. కానీ కోదాడ దాటి కాస్త ముందుకెళితే వచ్చే మునగాల నిజాంది కాదు! మునగాల పరగణా మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇదొక దీవి. అది దాటితే సూర్యాపేట, మళ్ళీ నిజాందే. అంటే ఆ రోజుల్లో కోదాడ పిల్లను సూర్యాపేటకిస్తే, బండి కట్టుకుని అత్తింటికి వెళ్ళడానికి రెండు రాజ్యాలు దాటాలన్నమాట. మా అబ్బాయి ఇది విని “పాస్‌పోర్టు ఉండేదా?” అని అడిగాడు. పాస్‌పోర్టు లేదు కానీ సరిహద్దులో సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలు ఉండేవి. రజాకార్ల భయంతో పిల్లాజెల్లాతో పారిపోయిన మన జనం తలదాచుకున్నది ఈ సరిహద్దు దాటే. కృష్ణా జిల్లా ఊళ్ళలో శిబిరాలు వెలిశాయి.

సైన్యం దాడి మొదలయ్యాక సూర్యాపేట మీద విమానాలు బాంబులు వేశాయి. తర్వాత గూర్ఖా సైనికులు ఊళ్ళోకి వచ్చారు. వెనక్కి తగ్గిన నిజాం సైన్యం మూసీ మీది వంతెనను పేల్చేసింది. కానీ దాన్ని త్వరగానే బాగుచేసుకుని భారత సైన్యం ముందుకు కదిలింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. ఐదారు రోజుల్లో అంతా అయిపోయింది. ఇప్పుడు హైవే టేకుమట్ల దగ్గర మూసీని దాటుతుంది. అక్కడ కారు ఆపితే మాకు కనిపించినవి నీళ్ళూ, లారీలూ.

ఇంకా హైదరాబాద్ వైపు వెళితే చిట్యాల మండలంలో గుండ్రాంపల్లి వస్తుంది. రజాకార్లు అక్కడ మనుషుల్ని చంపి బావిలో వేశారు. ఆ ఊళ్ళో అమరుల స్తూపం ఉంది. పిల్లలు దాని ముందు నిశ్శబ్దంగా నిలబడ్డారు. అత్తమ్మ చేతులు జోడించి, తిరిగి కారెక్కాక ఒక్క మాట అంది: “చచ్చినోళ్ళకు స్తూపం కట్టిన్రు, మంచిదే. మిగిలినోళ్ళు ఎట్ల మిగిలిన్రో అది ఎవరడిగిన్రు బిడ్డా?”

ఆ మాటతో నాకు లండన్ గుర్తొచ్చింది. పోయిన ఏడాది మా చెల్లెలి దగ్గరికి వెళ్ళినప్పుడు అక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి చోట్లు కొన్ని చూశాను. నేల కింద చర్చిల్ మంత్రివర్గం పనిచేసిన గదులున్నాయి. 1939 ఆగస్టు నుంచి 1945 ఆగస్టు దాకా వాడిన ఆ గదుల్ని 1984లో జనం చూడ్డానికి తెరిచారు. గోడల మీద పటాలు, బల్లల మీద ఫోన్లు అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది, ఒక అధికారి సొరుగులో దొరికిన మూడు చక్కెర బిళ్ళలు. చక్కెర రేషను రోజుల్లో కవరులో పెట్టి పేరు రాసి దాచుకున్నాడట. ఆ మూడు బిళ్ళల్ని కూడా వాళ్ళు పారేయలేదు!

అక్కడికి దగ్గరలోనే వైట్‌హాల్ రోడ్డు మధ్యలో, ఆ యుద్ధంలో పనిచేసిన ఆడవాళ్ళ కోసం 2005లో కట్టిన స్మారకం ఉంది. నల్లటి కంచు దిమ్మె, దాని చుట్టూ కొక్కేలకు వేలాడుతున్న 17 జతల బట్టలు. ఒక్క ముఖం లేదు. పని అయిపోయాక బట్టలు తగిలించి ఇంటికి వెళ్ళిపోయినట్టు ఉంటుంది. యుద్ధం ముగిసిన అరవై ఏళ్ళకు గానీ వాళ్ళకూ అది కట్టాలని తోచలేదు. అయినా కట్టారు.

మరి మన ఆడవాళ్ళ సంగతి? గుండ్రాంపల్లి నుంచి తిరిగొచ్చిన రాత్రి అత్తమ్మ చెప్పిన మాటలు ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

“మా అమ్మ కోడికూతకు లేచి జొన్నరొట్టెలు చేసేది. ఇంట్ల మేం ఆరుగురం, రొట్టెలు ముప్పై. ఎవరికని అడిగితే నోరుమూసుకోమనేది. గంపల అడుగున రొట్టెలు, మీద పిడకలు పెట్టుకుని చేన్లకు పోయేది. సంఘపోళ్ళకు సద్ది అట్ల అందేది. రజాకార్లు వస్తున్రంటే ఆడోళ్ళందరం జొన్నచేన్లల్ల పండుకునేది. మా చెల్లె చంటిది, ఏడుస్తదని అమ్మ దాని నోరు కొంగుతోని అదిమిపట్టేది. తెల్లారినంక అది ఊపిరి తీస్తున్నదా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.”

ఇంకో మాట ఆమె గొంతు తగ్గించి చెప్పింది. సైన్యం వచ్చాక, రజాకార్లు పోయాక, కోపం మామూలు ముస్లింల మీదికి మళ్ళింది. పక్కింటి సాయబుల కోడలు ఇద్దరు పిల్లలతో రాత్రిపూట వీళ్ళ వాకిట్లోకి వచ్చింది. వాళ్ళమ్మ ఆమెను వడ్ల గరిసె వెనుక మూడు రోజులు దాచి, అవే జొన్నరొట్టెలు పెట్టింది. ఇంట్లో మగవాళ్ళు గొడవపెడితే “రజాకార్లతోని పోయింది ఆమెనా? ఆమె పిల్లలా?” అని అడిగిందట.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. పోలీసు చర్య తర్వాత రాజ్యమంతటా, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద హత్యాకాండ జరిగింది. భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. మరోవైపు, సైన్యం కమ్యూనిస్టుల కోసం మన ఊళ్ళు గాలిస్తూనే ఉంది. సాయుధ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్ 21న. ఐదు రోజుల యుద్ధం అని పుస్తకాల్లో చదువుకుంటాం. అత్తమ్మ వాళ్ళమ్మకు అది ఐదేళ్ళ యుద్ధం. ఆ ఐదేళ్ళూ పొయ్యి ఆరలేదు.

పోరాడిన ఆడవాళ్ళూ తక్కువ కాదు. వడిసెలలు, రోకళ్ళు, కారం పట్టుకుని పోలీసుల్నీ గూండాల్నీ ఎదుర్కొన్న పల్లెలు మన జిల్లాలో ఎన్నో. కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు తుపాకి పట్టి దళాన్ని నడిపారు. ఆమె తలకు నిజాం ప్రభుత్వం పదివేల రూపాయల వెల కట్టింది. తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు శాసనసభకు వెళ్ళారు. 2022 మార్చి 19న ఆమె కన్నుమూశారు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఇలాంటి ఆడవాళ్ళను కలిసి, వాళ్ళ మాటల్నే రాసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పుస్తకం తెచ్చారు. దొరికితే తప్పక చదవండి. ఆ పేరే మనకు చురక.

మనకు దాచుకోవడం రాదని మాత్రం అనకండి. నాగార్జున సాగర్ కట్టడానికి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయలో ఉన్న ఇక్ష్వాకుల నాటి విజయపురి మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపారు. శిల్పాల్ని, కొన్ని కట్టడాల్ని కొండ మీదికీ అనుపుకూ చేర్చారు. లాంచీలో నాగార్జునకొండకు వెళ్ళినవాళ్ళందరూ చూసినవే అవి. అక్కడి శాసనాల్లో మహాచైత్యానికి దానమిచ్చిన చాంతిసిరి పేరు ఉంది. ఆమె శాంతమూల మహారాజు సోదరి. బోధిసిరి అనే ఉపాసిక పేరూ ఉంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి ఏ పని చేసిందో రాయి మీద రాసి ఉంచారు, మనం ఆ రాయిని నీళ్ళలో మునగనివ్వలేదు. డెబ్బై అయిదేళ్ళ కిందటి రొట్టెల గంప మాత్రం ఏ శాసనంలోనూ లేదు. అది ఉన్నది అత్తమ్మ జ్ఞాపకంలో. ఆ జ్ఞాపకమూ ఇప్పుడు మెల్లగా మసకబారుతోంది. నిన్న చెప్పిన చెల్లెలి పేరు ఇవాళ తడుముకుంటోంది.

అందుకే మీకో పని చెబుతున్నాను. మీ ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో, నాయనమ్మో, అత్తమ్మో ఉంటే పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయండి. “యుద్ధం గురించి చెప్పు” అంటే “నాకేం ఎరుక, చదువుకున్నదాన్నా” అంటారు. అలా అడగొద్దు. ఆ ఏడు ఏం వండుకున్నారు, ఉప్పు ఎక్కడి నుంచి తెచ్చారు, వడ్లు ఎక్కడ దాచారు, రాత్రి ఎక్కడ పడుకున్నారు, మీ వాకిట్లోకి ఎవరొచ్చారు అని అడగండి. పొయ్యి దగ్గర మొదలుపెడితే వాళ్ళే రోడ్డు దాకా వస్తారు. పేర్లు, ఊళ్ళు అదే రోజు నోటుపుస్తకంలో రాసుకోండి. మా ఇంట్లో ఇప్పటికి నలభై పేజీలయ్యాయి. మొదటి పేజీలో అత్తమ్మ వాళ్ళమ్మ పేరు రాసి, దాని కింద ‘రోజుకు ముప్పై రొట్టెలు’ అని మా అమ్మాయి రాసింది.