బేగంబజార్

బేగంబజార్ హైదరాబాద్ నగరంలో పేరుపొందిన టోకు మార్కెట్. మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కు ఆనుకొని ఉంది. కిరాణా, డ్రైఫ్రూట్స్, ఇత్తడి, స్టీలు సామాను, ప్లాస్టిక్ వస్తువులు, బొమ్మలు, పూజాసామగ్రి, గిల్టు నగలు ఇక్కడ టోకుగానూ చిల్లరగానూ దొరుకుతాయి. తెలంగాణ జిల్లాల్లోని కిరాణా కొట్లకు, ఫ్యాన్సీ షాపులకు, పెళ్లి పెట్టుకున్న కుటుంబాలకు తరతరాలుగా సరుకు ఇక్కడి నుంచే వెళుతోంది. చార్మినార్, గోల్కొండ నగరపు వైభవాన్ని చూపిస్తాయి. నగరం రోజూ ఎలా బతుకుతోందో చూపించేది బేగంబజార్.

ఉనికి

నయాపూల్ వంతెన నుంచి సుమారు అర కిలోమీటరు, చార్మినార్ నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఈ బజారు ఉంది. చుట్టూ అఫ్జల్‌గంజ్, సిద్దిఅంబర్ బజార్, ఫీల్‌ఖానా, ఉస్మాన్‌గంజ్, గోషామహల్, జుమ్మెరాత్ బజార్ ఉన్నాయి. శాసనసభకు గోషామహల్ నియోజకవర్గం పరిధిలోకి వస్తుంది. పాతబస్తీలో భాగంగానే దీన్ని అందరూ లెక్కిస్తారు. అయితే నిజాంల కాలంలో నగరానికి ఉన్న ప్రహరీగోడ నదికి దక్షిణాన ఉండేది. బేగంబజార్ ఆ గోడకు బయట, నది ఇవతల పెరిగింది. దూర ప్రాంతాల నుంచి బండ్ల మీద వచ్చే సరుకు నగరద్వారాలు దాటే పని లేకుండా ఇక్కడే దిగేది.

చరిత్ర

రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ (పాలన 1762–1803) భార్య హమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు దానంగా ఇచ్చిందని, అందుకే ఆమె పేరు మీదుగా బేగంబజార్ అయిందని చెబుతారు. నిజాం అలీఖాన్ 1763లో రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చాడు. దర్బారు, సైన్యం వచ్చాక వాటికి సరుకు అందించేవారికీ, అప్పు ఇచ్చేవారికీ నగరంలో చోటు కావలసి వచ్చింది. 19వ శతాబ్దంలో గోసాయి, గుజరాతీ, మార్వాడీ సాహుకార్లు కార్వాన్, బేగంబజార్ కేంద్రాలుగా వడ్డీ వ్యాపారం, హుండీల లావాదేవీలు నడిపారు. నిజాం సర్కారుకు కూడా అప్పులిచ్చారు. సన్యాసి వర్గమైన గోసాయిల వ్యాపారం గురువు నుంచి శిష్యుడికి సంక్రమించేది. ఆ వర్గానికి చెందిన రాజా ధన్‌రాజ్‌గిర్ వంశం వారి జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ గోషామహల్ ప్రాంతంలో ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, ఘాన్సీబజార్‌తో పాటు బేగంబజార్ కూడా తీవ్రంగా నష్టపోయింది. నగరంలో సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు నదిపై ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ రోడ్లను, బజార్లను తీర్చిదిద్దింది. వరద దెబ్బతిన్న వీధుల్లోనే వర్తకులు మళ్లీ కొట్లు తెరిచారు.

సరుకులు, గల్లీలు

ఒక్కో గల్లీ ఒక్కో సరుకుకు పేరు పొందింది. డ్రైఫ్రూట్స్ దుకాణాల్లో గోనెసంచుల మూతులు మడిచి పెట్టి బాదం, పిస్తా, అక్రోట్, అంజీర్, కిస్మిస్ వరసగా పేరుస్తారు. జీడిపప్పును గుళ్లు, బద్ద, పలుకుగా వేరుచేసి అమ్ముతారు. గుళ్లలో 180, 210, 240, 320 అనే రకాలుంటాయి. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల తూకానికి ఎన్ని గుళ్లు వస్తాయో ఆ అంకె చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. కొత్తగా కొనేవారు ఈ లెక్క తెలుసుకొని వెళితే మోసపోరు. రంజాన్ నెలలో ఇరాన్, సౌదీ ఖర్జూరాలు దుకాణాల ముందుకు వస్తాయి.

ఇత్తడి, రాగి, స్టీలు పాత్రలకు బేగంబజార్‌ది పెద్ద పేరు. బిందెలు, గంగాళాలు, దీపపు కుందులు, కేటరింగ్ వారి డేగిశాలు చాలామటుకు కిలోల లెక్కన అమ్ముతారు. పెళ్లిసారె సామాను కొన్నవారు అక్కడే పేర్లు చెక్కించుకుంటారు. చెక్కేవాడు బిందెను ఒళ్లో పెట్టుకొని, చిన్న కరెంటు పరికరాన్ని పెన్నులా పట్టుకొని, ముందుగా గీత కూడా గీసుకోకుండా వధూవరుల పేర్లు, తేదీ తెలుగులో గుండ్రంగా రాసేస్తాడు. ఒక బిందెకు కొద్ది నిమిషాలు చాలు.

బజారులోని చేపల మార్కెట్ కూడా పేరున్నదే. మృగశిర కార్తె మొదలయ్యే జూన్ తొలి పక్షంలో అక్కడ నిలబడటానికి చోటుండదు. కార్తె మొదలయ్యే రోజు చేప తింటే ఆరోగ్యానికి మంచిదని తెలంగాణలో నమ్మకం. కొర్రమీనుకు అన్నిటికన్నా గిరాకీ ఎక్కువ.

వర్తకం నడిచే తీరు

జిల్లాల వర్తకులు పొద్దున్నే ఇమ్లీబన్ బస్టాండు (ఎంజీబీఎస్)లో దిగి బజారుకు వస్తారు. చీటీ పట్టుకొని నాలుగైదు దుకాణాలు తిరిగి, ధర కుదిరాక సరుకు కట్టించి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు పంపిస్తారు. అక్కడ ఇచ్చే రసీదును బిల్టీ అంటారు. దాన్ని జేబులో పెట్టుకొని సాయంత్రం బస్సెక్కితే, సరుకు వెనకాలే లారీలో ఊరికి చేరుతుంది. పాత ఖాతాదారులకు అరువు ఉంటుంది. ఫోన్ల మీద ఆర్డర్లు, డిజిటల్ చెల్లింపులు పెరిగినా ఈ అరువు మాట మీద, ముఖపరిచయం మీద నడుస్తూనే ఉంది.

బజారు బరువంతా మోసేది హమాలీలు. లారీ లోపలికి రాలేని గల్లీల్లో వీపు మీద, తోపుడు బండ్ల మీద మూటలు చేరవేస్తారు. ఏ దుకాణం పేరు చెప్పినా దారి చూపగలిగేది కూడా వారే.

జనం, పండుగలు

బేరం ఇక్కడ హిందీ, దక్కనీ ఉర్దూ, తెలుగు, మార్వాడీ, గుజరాతీ, మరాఠీ భాషల్లో సాగుతుంది. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. పైన ఇల్లు, కింద దుకాణంగా ఉన్న పాత కట్టడాలు కొన్ని ఇంకా మిగిలాయి. సీజన్‌ను బట్టి వీధుల రంగు మారుతుంది: హోలీకి పిచికారీలు, శ్రావణంలో రాఖీలు, దీపావళికి ప్రమిదలు. దీపావళి నాడు వర్తకులు లక్ష్మీపూజ చేసి కొత్త ఖాతా పుస్తకాలు తెరుస్తారు. సీతారాంబాగ్ నుంచి బయలుదేరే శ్రీరామనవమి శోభాయాత్ర బేగంబజార్ ఛత్రీ మీదుగా సుల్తాన్‌బజార్ వైపు సాగుతుంది. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు వర్తకులు తమంతట తామే కొన్నాళ్లు దుకాణాలు మూసుకున్నారు.

చుట్టుపక్కల చూడదగినవి

అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై, 1936లో పూర్తయిన ఇప్పటి భవనంలోకి వచ్చింది. పక్కనే ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం కనిపిస్తుంది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 1908 వరదలో సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. 1578లో కట్టిన పురానాపూల్, 1935 నాటి మొజాంజాహి మార్కెట్ కూడా దగ్గరే.

సందర్శకులకు సూచనలు

మెట్రోలో వచ్చేవారు ఎర్ర, ఆకుపచ్చ మార్గాలు కలిసే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటోలో రావచ్చు. సొంత కారు తెస్తే పార్కింగ్ దొరకడం కష్టం. ఉదయం దుకాణాలు తెరిచిన వేళ రద్దీ తక్కువగా ఉంటుంది. ఆదివారం చాలా టోకు దుకాణాలు మూసి ఉంటాయి. పండుగ ముందు వారం చిన్నపిల్లలతో రాకపోవడం మేలు. ఒకే సరుకుకు రెండు మూడు కొట్లలో ధర విచారించండి, తూకం కళ్లెదుట వేయించుకోండి, బిల్లు తీసుకోండి. డజన్ల లెక్కన అమ్మే చోట ఒక్కటి అడిగితే ఇవ్వకపోవచ్చు.

ఇరుకు గల్లీలు, తలపై వేలాడే కరెంటు తీగలు, అట్టపెట్టెలు నిండిన గోదాములు ఉన్న ఈ బజారులో అగ్నిప్రమాద భయం ఎప్పుడూ ఉంటుంది. పొగ, నిప్పు విషయంలో వచ్చినవారూ జాగ్రత్తగా ఉండాలి. దారి మధ్యలో ఆగి ఫొటోలు తీయకుండా, మూట మోసుకొస్తున్న హమాలీకి ముందుగా దారి ఇవ్వండి.