మారని షిఫ్టు, మారిన సెలవు: సముద్రపు రిగ్గుల్లో పనిగంటల చరిత్ర

1917 నవంబరులో టెక్సాస్, లూసియానా చమురు క్షేత్రాల్లో దాదాపు 10,000 మంది కార్మికులు పని మానేశారు. రోజుకు 8 గంటల పని, 4 డాలర్ల కనీస కూలి వాళ్ల ప్రధాన కోరికలు. సమ్మె ఓడిపోయింది. అయినా 1930ల నాటికి అమెరికాలో నేలమీది రిగ్గులపై 8 గంటల షిఫ్టు బాగా వ్యాపించింది. ఆ తరవాత చమురు వేట సముద్రంలోకి దిగింది. దిగుతూనే, నేలమీద వదిలించుకున్న 12 గంటల షిఫ్టును మళ్లీ నెత్తికెత్తుకుంది.

1947లో కెర్-మెగీ కంపెనీ మెక్సికో సింధుశాఖలో, ఒడ్డు కనబడనంత దూరాన తొలి చమురు బావి తవ్వింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన నౌకల్ని కొని, సిబ్బందికి బసగా, సామానుకు గోదాముగా మార్చుకుంది. డ్రిల్లింగ్ మొదలైతే రాత్రీ పగలూ ఆగదు. 8 గంటల చొప్పున నడపాలంటే మూడు జట్లు కావాలి, వాళ్లందరికీ పడకలు, భోజనాలు, రాకపోకల ఏర్పాట్లు కావాలి. 12 గంటలైతే రెండు జట్లు చాలు. ఆ లెక్కే నిలిచిపోయింది. అందుకు బదులుగా వారం పని, వారం సెలవు, లేదా 14 రోజులు ఆన్, 14 రోజులు ఆఫ్ అనే పద్ధతులు వచ్చాయి. 14-14 పద్ధతిలో నాలుగు వారాలకు 168 గంటల పని, అంటే వారానికి సగటున 42 గంటలు. కాగితం మీద ఇది మామూలు ఉద్యోగమే. కానీ డ్యూటీ దిగిన మనిషి కూడా రిగ్గు మీదే ఉంటాడు, దాని ప్రమాదం నీడలోనే నిద్రపోతాడు.

ఈ సంగతి ఉత్తర సముద్రంలో అందరికీ తెలిసివచ్చింది. 1965 డిసెంబరులో సీ జెమ్ రిగ్గు కూలి 13 మంది, 1980 మార్చిలో నార్వే జలాల్లో అలెగ్జాండర్ కీలాండ్ రిగ్గు బోల్తాపడి 123 మంది చనిపోయారు. 1988 జులై 6 రాత్రి పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం పేలి 167 మంది మరణించారు. ఆ ప్రమాదానికి దారితీసిన లోపాల్లో ఒకటి షిఫ్టు మారేటప్పుడే దొర్లింది. మరమ్మతు కోసం ఒక పంపు భద్రతా కవాటాన్ని ఊడదీసిన సంగతి పగటి జట్టు నుంచి రాత్రి జట్టుకు చేరలేదు. వాళ్లు ఆ పంపునే నడిపారు. అప్పుడు ప్లాట్‌ఫారం మీదున్న 226 మందిలో 62 మందే డ్యూటీలో ఉన్నారు. మృతుల్లో ఎక్కువమంది కాంట్రాక్టు సంస్థల మనుషులు. నోరెత్తిన కాంట్రాక్టు కార్మికుణ్ని మళ్లీ పిలవకుండా పక్కనపెట్టే ఆనవాయితీ అక్కడ ఉండేది. ఆ భయాన్ని ఎదిరించే 1989లో కార్మికులు ఓఐఎల్‌సీ అనే సంఘం పెట్టుకుని ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ సమ్మెలు చేశారు.

ఒకే సముద్రానికి అటూ ఇటూ ఉన్నా బ్రిటన్, నార్వేల దారులు వేరయ్యాయి. నార్వే 1977 నాటి పని వాతావరణ చట్టాన్ని సముద్రంలోని స్థిర ప్లాట్‌ఫారాలకూ వర్తింపజేసింది. అక్కడి సంఘాలు బలమైనవి. కాలక్రమంలో రెండు వారాల పని, నాలుగు వారాల సెలవు స్థిరపడ్డాయి. బ్రిటన్‌లో పనిగంటల నిబంధనలు సముద్ర కార్మికులకు 2003లో గానీ అందలేదు. ఒడ్డున గడిపే విరామంలోనే వార్షిక సెలవునూ సర్దవచ్చని 2011లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2014లో చమురు ధర పడిపోగానే పలు కంపెనీలు మూడు వారాలు ఆన్, మూడు వారాలు ఆఫ్ పద్ధతికి మళ్లాయి. దాంతో ఏకబిగిన చేసే పని పెరిగింది.

జీతం కథ అమెరికా కోర్టుల్లో తేలింది. సముద్రంలో చాలామందికి నెలజీతం కాదు, రోజు రేటు. కాలిఫోర్నియా తీరాన ప్లాట్‌ఫారం మీద విశ్రాంతిగా గడిపే 12 గంటలకూ కూలి ఇమ్మని ఒక కార్మికుడు రాష్ట్ర చట్టం కింద అడిగితే, అది అక్కడ వర్తించదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో మరో తీర్పు కార్మికుడి వైపు వచ్చింది. ఏడాదికి 2 లక్షల డాలర్లకు పైగా సంపాదించిన సూపర్‌వైజరైనా, రోజు లెక్కన చెల్లిస్తే అది జీతం కిందికి రాదని, వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాల్సిందేనని తేల్చింది.

మన దేశంలో ఈ చరిత్ర 1974లో సాగర్ సమ్రాట్ రిగ్గు బాంబే హైలో చమురు కనుగొనడంతో ఊపందుకుంది. ఓఎన్‌జీసీ సొంత సిబ్బందికి 12 గంటల షిఫ్టు, 14-14 వంతులు, నెలజీతం, సముద్ర డ్యూటీకి భత్యం ఉంటాయి. వాళ్ల పక్కనే పనిచేసే కాంట్రాక్టు మనుషుల్లో పలువురికి వంతు మరీ పొడుగు, ఒడ్డునున్న రోజులకు కూలి ఉండదు. 2021 మేలో తౌక్టే తుపానుకు కార్మికులు బస చేసే పీ-305 బార్జి, దానితోపాటు ఒక టగ్గు మునిగి 70 మందికి పైగా చనిపోయినప్పుడు సముద్రంలో ఎక్కువగా నలిగింది ఈ కాంట్రాక్టు కార్మికులే.

ఈ ముప్పావు శతాబ్దంలో షిఫ్టు 12 గంటల దగ్గరే నిలిచిపోయింది. సంఘం, చట్టం గట్టిగా ఉన్నచోట ఒడ్డున గడిపే రోజులు పెరిగాయి, లేనిచోట చమురు ధరతోపాటు ఊగాయి. కాకినాడ తీరంలో 2009లో మొదలైన కేజీ-డీ6 గ్యాసు, 2024 జనవరి నుంచి ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బావుల చమురు వస్తున్నాయి. రిగ్గు ఉద్యోగానికి వెళ్లే యువకులారా, రోజు రేటు ఎంతని మాత్రమే అడిగి సంతకం చేయకండి. వంతు ఎన్ని రోజులు, సెలవు రోజులకు డబ్బు వస్తుందా, వంతు దాటి ఆపితే ఎంతిస్తారు, ప్రమాదం జరిగితే పూచీ ఎవరిది అన్నవి కాగితం మీద రాయించుకోండి.